సెట్టింగులు రాసే కాన్ఫ్ ఫైల్లో మార్చినా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వినట్లేదంటే...

మీ ప్రశ్నలో, 16 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్లో షేర్డ్ బఫర్స్ (డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 4 జీబీ పెట్టి రీలోడ్ చేసినా ఇంకా 128 ఎంబీయే చూపిస్తోందన్నారు కదా. అది రీలోడ్‌తో మారదండీ, రీస్టార్ట్ చేయాల్సిందే. సెట్టింగులన్నీ చూపించే పీజీ సెట్టింగ్స్ వ్యూలో పెండింగ్ రీస్టార్ట్ అనే కాలమ్ ఉంటుంది, అందులో ట్రూ అని ఉంటే సంగతి ఇదే.

రీస్టార్ట్ చేసినా మారకపోతే మాత్రం అదే వ్యూలో సోర్స్ ఫైల్ కాలమ్ చూడండి. నేను చూడక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఉబుంటు మెషీన్, ఈటీసీ ఫోల్డర్లో ఉన్న కాన్ఫ్ ఫైల్ మారుస్తాను, రీస్టార్ట్ కొడతాను, మళ్లీ పాత నంబరే. చివరికి తేలిందేంటంటే నాకంటే ముందు పనిచేసినాయన ఎప్పుడో ఆల్టర్ సిస్టమ్ అనే కమాండ్ వాడాడు. అలా పెట్టిన విలువలు డేటా డైరెక్టరీలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ ఆటో డాట్ కాన్ఫ్ అనే ఫైల్లోకి వెళ్తాయి, చివర్లో చదివేది దాన్నే కాబట్టి మనం చేత్తో రాసింది వృథా. ఆల్టర్ సిస్టమ్ రీసెట్ కొట్టి ఆ లైన్ తీసేయండి, ఆ ఫైల్‌ని మాత్రం చేత్తో ముట్టుకోకండి.

వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకి ఇచ్చే మెమరీ) కూడా 256 ఎంబీకి పెంచుదామనుకుంటున్నానన్నారు, అక్కడే ఆగండి. నేను సరిగ్గా అదే చేశాను. ఒక రిపోర్ట్ క్వెరీ సార్టింగ్ డిస్క్ మీదకి పోతోంది, క్వెరీ ఎలా నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని కనిపించింది, పెంచగానే మెమరీలోనే క్విక్‌సార్ట్ అయిపోయింది, నేను ఫుల్ ఖుషీ. ఒకటో తారీఖు పొద్దున అందరూ ఒకేసారి అదే రిపోర్ట్ మీద పడ్డారు. ఆ 256 ఒక్కో కనెక్షన్‌కి కాదు, క్వెరీలో ఉన్న ఒక్కో సార్ట్‌కీ, ఒక్కో హ్యాష్‌కీ. ర్యామ్ అయిపోయి లినక్స్ ఒక ప్రాసెస్‌ని చంపేసింది, లాగ్‌లో సిగ్నల్ 9 అని ఒక్క లైన్, దాంతో పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ కూడా తెంపేసి రికవరీలోకి పోయింది. ఆ పది నిమిషాల టెన్షన్ పగవాడిక్కూడా వద్దు.

ఇప్పుడు వర్క్ మెమ్ అందరికీ 16 ఎంబీ పెట్టి, రిపోర్టులు తీసే రోల్‌కి (డేటాబేస్ యూజర్‌కి) మాత్రం ఆల్టర్ రోల్‌తో విడిగా పెంచాను. ఎఫెక్టివ్ కాష్ సైజ్ 11, 12 జీబీ రాసుకోండి, భయం లేదు, అది మెమరీ తీసుకోదు, క్వెరీ ఎలా నడపాలో తేల్చే ప్లానర్‌కి ఒక అంచనా ఇస్తుందంతే. అన్నట్టు, ఆల్టర్ రోల్ చేశాక పాత కనెక్షన్లకి అది వర్తించదు, కొత్తగా లాగిన్ అయినవాటికే. మధ్యలో పూలర్ (కనెక్షన్లని తెరిచి ఉంచి పంచే ప్రోగ్రామ్) ఉంటే దాని కనెక్షన్లు కూడా ఒకసారి తెంపి చూడండి.