కణాల మధ్య సందుని మూసేది ఏ ప్రోటీన్?

ప్రశ్న: సార్, పేగు కణాల మధ్య సందుల్ని టైట్ జంక్షన్లు మూసేస్తాయని, వాటిలో ఆక్లూడిన్, క్లాడిన్ అనే ప్రోటీన్లుంటాయని చదివాను. అంత సన్నటి చోట ఏ ప్రోటీన్ ఉందో ఎలా కనిపెట్టారండీ? – ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మంచి ప్రశ్నేనమ్మా, ఈ కథంతా కోడిపిల్ల లివర్‌తో మొదలైంది. జపాన్‌లో షోయిచిరో సుకిత, మికియో ఫురుసే వాళ్ల టీమ్ ఆ లివర్లోంచి కణాల అతుకులున్న భాగాన్ని వేరుచేసి, ఎలుకలకి ఎక్కించి యాంటీబాడీలు (ఒక్కోటీ ఒక్కో ప్రోటీన్‌నే గుర్తుపట్టి అతుక్కునేవి) పుట్టించారు, వాటిలో కొన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే కరెక్టుగా టైట్ జంక్షన్ మీదే అతుక్కుని కనిపించాయి, అలా 1993లో ఆక్లూడిన్ దొరికింది.

ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నారు. తీరా 1998లో ఆక్లూడిన్ జీన్ తీసేసిన మూలకణాల్ని పెంచితే టైట్ జంక్షన్లు భేషుగ్గా వచ్చేశాయి, అంటే వాటిని కట్టేది ఇంకేదో ఉందన్నమాట! నాకైతే ఈ కథలో ఇదే అసలు మలుపు. అదే ఏడాది మళ్లీ ఆ కోడి లివర్నే జల్లెడపట్టి క్లాడిన్-1, క్లాడిన్-2 పట్టుకున్నారు. అక్కడ ఉన్నంతమాత్రాన అదే కడుతోందని కాదు కదా, అందుకని అసలు టైట్ జంక్షన్లే లేని ఫైబ్రోబ్లాస్ట్ అనే సంధాయక కణజాలపు కణాల్లో క్లాడిన్ జీన్ పెట్టి చూశారు, పక్కపక్క కణాలు కలిసేచోట జంక్షన్లో ఉండేలాంటి పోగులే వలలాగా అల్లుకున్నాయి. ఆక్లూడిన్ ఒక్కదాన్నే పెడితే ఏవో పొట్టి ముక్కలే వచ్చాయి.

ఇప్పుడు క్లాడిన్లు 20కి పైగానే తెలుసు. అన్నీ గట్టిగా మూసేసేవే కావు, క్లాడిన్-2 అయితే సోడియం లాంటి అయాన్లకి దారిస్తుంది, క్లాడిన్-16 జీన్ చెడితే కిడ్నీలోంచి మెగ్నీషియం యూరిన్‌లో పోతుంది.