చిట్టీ డబ్బుతో బ్లాక్‌జాక్: లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

ప్రశ్న: నర్సంపేటలో ఎరువుల దుకాణం ఉంది. వయసు 33. రూ.5 లక్షల చిట్టీని (25 నెలలు) ఏడో నెలలో పాడి రూ.4 లక్షలు తీసుకున్నాను. ఏడాదిగా బ్లాక్‌జాక్‌లో (21 దాటకుండా డీలర్ కన్నా దగ్గరగా చేరాల్సిన పేకాట) ముక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటున్నాను. ఈ 4 లక్షలతో నెలకోసారి గోవా కేసినోకు వెళ్లి కనీస పందెం రూ.500 ఉన్న టేబుల్‌పై ఆడితే రెండో ఆదాయంగా నమ్ముకోవచ్చా? ఏ రూల్స్ చూసుకోవాలి, ఆట ఎక్కడ మార్చుకోవాలి?

జవాబు: ముందే చెబుతున్నాను, ఈ 4 లక్షలు టేబుల్ మీదికి తీసుకెళ్లొద్దు. ముక్కల లెక్క నిజమైనదే, దాని వెనక గణితం ఉంది. కానీ దాంతో వచ్చే లాభం ఎంత పలచనో, దానిపై పడే పన్ను ఎంత బరువో పక్కపక్కన పెట్టి చూడాలి.

టేబుల్‌పై పరిచిన బట్ట మీద రాసింది చదివాకే కూర్చోవాలి. బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క కలిసి 21) పడితే రెండుకు మూడు ఇస్తారా, ఐదుకు ఆరు ఇస్తారా? రూ.500 పందెంపై మొదటిదాంట్లో రూ.750, రెండోదాంట్లో రూ.600 వస్తాయి. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకొకసారి పడుతుంది కాబట్టి ఆ రూ.150 తేడా ప్రతి ఆట మీదా రూ.7 చొప్పున పడుతుంది, అంటే 1.4 శాతం. లెక్కపెట్టి మీరు సంపాదించేదంతా ఈ ఒక్క రూల్ మింగేస్తుంది. ఐదుకు ఆరు అని కనబడితే లేచిపోండి. ఆసును 11గా లెక్కిస్తే వచ్చే 17 దగ్గర డీలర్ ఆగకుండా ఇంకో ముక్క తీస్తే మరో 0.2 శాతం పోతుంది. వాడిన ముక్కల్ని ఎప్పటికప్పుడు తనలోకే లాక్కుని కలిపే మెషిన్ ఉంటే లెక్కకు పనే లేదు.

డీలర్ రెండో ముక్కను చివర్లో తీసుకునే టేబుళ్లు కూడా ఉంటాయి. అక్కడ డీలర్‌కు బ్లాక్‌జాక్ పడితే మీరు డబుల్ చేసిన (పందెం రెట్టింపు చేసి ఒకే ముక్క తీసుకున్న) డబ్బు, స్ప్లిట్ చేసిన (జతను రెండు చేతులుగా విడదీసిన) డబ్బు మొత్తం పోతుంది. అందుకే అలాంటి చోట డీలర్ పది చూపితే 11 మీద డబుల్ చేయొద్దు. పదికి గానీ ఆసుకు గానీ ఎదురుగా ఎనిమిదుల జతను విడదీయొద్దు. ఏ చేతికి ఏం చేయాలో చెప్పే మామూలు చార్టును ఇంట్లో బట్టీపట్టినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇక లెక్క. మిగిలిన ముక్కల్లో పదులు, ఆసులు ఎక్కువైతే ఆట మీవైపు వాలుతుంది, పందెం అప్పుడే పెంచాలి. 2 నుంచి 6 దాకా ముక్కలకు ప్లస్ ఒకటి, 7, 8, 9కి సున్నా, పది, జాకీ, రాణి, రాజు, ఆసులకు మైనస్ ఒకటి. ఈ మొత్తాన్ని ఇంకా పంచని కట్టల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అసలు లెక్క. లెక్క ప్లస్ 8 ఉందనుకోండి. ఇంకా నాలుగు కట్టలు మిగిలితే అసలు లెక్క 2, రెండే మిగిలితే 4. భాగించకుండా పందెం పెంచేవాళ్లు షూ (ముక్కలు పంచే పెట్టె) మొదట్లోనే అనవసరంగా డబ్బు పోసేస్తారు. మిగిలిన కట్టల అంచనాకు, వాడిన ముక్కలు పేర్చే ట్రే ఎత్తును కంటితో కొలవడం అలవాటు కావాలి. ఇంట్లో ఒక కట్టను 30 సెకన్లలో తిప్పి, చివరికి సున్నా తేలేదాకా సాధన చేయండి. సున్నా రాకపోతే ఎక్కడో ముక్క జారినట్టే.

ఆట మార్చుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి గానీ డబ్బు తెచ్చేవి కొన్నే. మీ చేతిలో 16, డీలర్ దగ్గర పది ఉంటే అసలు లెక్క సున్నా లేదా పైన ఉన్నప్పుడు ఆగండి, అంటే ఇంకో ముక్క తీయొద్దు. 15కు పది ఎదురైతే 4 నుంచి ఆగండి. 12 ఉంటే డీలర్ 3కు లెక్క 2 నుంచి, డీలర్ 2కు లెక్క 3 నుంచి ఆగాలి. అన్నిటికన్నా విలువైనది ఇన్సూరెన్స్, అంటే డీలర్ ఆసు చూపినప్పుడు అతనికి బ్లాక్‌జాక్ ఉందని కట్టే పక్క పందెం. మామూలుగా అది నష్టమే, ఎందుకంటే ఆరు కట్టల్లో పది విలువ ముక్కలు 312లో 96 మాత్రమే, అంటే 30.8 శాతం. మూడింట ఒక వంతు దాటితేనే అది లాభం. అసలు లెక్క 3కు చేరితే ఆ పరిస్థితి వస్తుంది.

ఇవన్నీ తప్పు లేకుండా చేశారనుకుందాం. ఆరు కట్టలు, రెండుకు మూడు, 17 దగ్గర డీలర్ ఆగడం, చివర ఒకటిన్నర కట్ట పంచకుండా వదిలేయడం. ఇంతకన్నా మంచి టేబుల్ కష్టం. అసలు లెక్క 2 అయితే రూ.1,000, 3 అయితే రూ.2,000, 4 లేదా ఆపైన అయితే రూ.4,000, మిగతా వేళల్లో రూ.500. వంద ఆటలకు సగటు లాభం సుమారు రూ.470 తేలుతుంది. అదే వంద ఆటల్లో అటో ఇటో ఊగే మొత్తం మాత్రం రూ.15,000. మీ నేర్పు అదృష్టాన్ని దాటి కనబడాలంటే దాదాపు లక్ష ఆటలు కావాలి. గంటకు 70 ఆటల చొప్పున 1,500 గంటలు. నెలకోసారి వెళ్లే మనిషికి అది ఎన్నేళ్ల పనో చూసుకోండి. ఈ పందేలతోనే ఆడుతూ పోతే 4 లక్షలు పూర్తిగా ఊడిపోయే అవకాశం సుమారు ఐదింట ఒకటి. ఇదంతా పన్నుకు ముందు.

2025 సెప్టెంబరు 22 నుంచి కేసినోలో చిప్స్ కొనుగోలుపై జీఎస్టీ 40 శాతం. రూ.50,000 చిప్స్‌కు రూ.20,000 పన్ను. చిప్స్ వాడకుండా తిరిగిచ్చినా ఆ పన్ను తగ్గదు. ఆ పన్నులో మీ మీద ఎంత వేస్తారో కౌంటర్‌లో ముందే అడగాలి. మొత్తం మీ మీదే పడితే, ఆ రూ.20,000ను వంద ఆటలకు రూ.470 చొప్పున రాబట్టుకోవడానికి 4,200కు పైగా ఆటలు, అంటే 60 గంటలు. ఆపైన గెలుపుపై ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సుతో 31.2. ఓడిన సొమ్మును గెలుపులోంచి తీసేయనివ్వరు, గోవా రైలు చార్జీలూ తీసేయనివ్వరు. ఈ నెల రూ.15,000 గెలిచి, వచ్చే నెల అంతే పోగొట్టుకుంటే మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను రూ.4,680. నూటికి ఒక రూపాయి కూడా సరిగా రాని ఆట ఈ బరువు మోయలేదు. ఫోన్‌లో ఆడదామనుకుంటారేమో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే, కేంద్రం 2025లో చట్టంతో నిషేధించాయి.

నాకు అసలు బెంగ మీ చిట్టీ గురించి. పాడి తీసుకున్న డబ్బు పొదుపు కాదు, అప్పు. ఇంకా 18 వాయిదాలున్నాయి, నెలకు రూ.20,000లోంచి డివిడెండ్ పోగా మిగిలింది మీరే కట్టాలి. మీ వ్యాపారమేమో వానాకాలంలో ఉద్దెరకిచ్చి, పత్తి, మిర్చి అమ్ముడయ్యాక వసూలు చేసుకునేది. రైతు చేతికి డబ్బు రాని నెలల్లోనే మీ వాయిదా కూడా వచ్చి కూర్చుంటుంది.

ఆరు వాయిదాలకు సరిపడా రూ.1.2 లక్షలు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. మిగిలిన రూ.2.8 లక్షలతో సీజన్‌కు ముందు సరుకు నగదుకు ఎత్తండి. మీకు ఎరువులిచ్చే డీలరు నగదుకు ఎంత తగ్గిస్తాడో రాసిపెట్టుకోండి, చిట్టీలో మీరు వదులుకున్నదాంతో పోల్చుకోవచ్చు. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే దాని ప్రీమియం ఇందులోంచే కట్టండి.

ఆట మీద ఇష్టంతో గోవా వెళ్లాలనిపిస్తే, ఖర్చు దుకాణం లాభంలోంచే తీయండి, ఒక ట్రిప్పుకు రూ.10,000 మించొద్దు. కార్డు, యూపీఐ ఉన్న ఫోన్ గదిలోనే ఉంచండి. ఒకేసారి రూ.10,000కు మించి గెలిస్తే టీడీఎస్ కోస్తారు. ఆ రసీదు తెచ్చుకుని, మీ పాన్‌పై జమ అయిందో లేదో రిటర్నుకు ముందే చూసుకోండి.