పట్టేసిన పాత ట్రాక్టర్‌ని లాగొచ్చా?

ప్రశ్న: మా కొబ్బరితోట షెడ్డులో నాన్నగారి మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ ఏళ్లతరబడి కదల్లేదు. ఇంజన్ పట్టేసింది, అంటే బిగుసుకుపోయి తిరగడం లేదు. సరదాగా నడుపుకోవాలని ఉంది. వేరే బండితో లాగించమంటున్నారు. మంచిదేనా?
– ఓ పాఠకుడు, రాజోలు

జవాబు: వద్దండీ. గేరులో వేసి లాగితే పిస్టన్ రింగులు విరుగుతాయి, పిస్టన్‌ని క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అంత పాత బండిని అలా పాడుచేసుకోకండి. డెల్టా చెమ్మకి లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) తుప్పుపట్టి రింగులు అతుక్కుంటాయి. ఓపిక పడితే చాలావరకు విడిపోతాయి.

ముందు డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) విప్పి, డీజిల్, ఇంజన్ ఆయిల్ సగంసగం కలిపి సిలిండర్‌కి 50 మి.లీ. చొప్పున పోసి, మూడు నాలుగు రోజులు నాననివ్వండి. తర్వాత టాప్ గేరులో పెట్టి, నలుగురూ పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. వెంట్రుకవాసి కదిలినా పని అయినట్టే. మళ్లీ పోసి ఊపుతూ ఉండండి.

ఇంజన్ తిరిగాక గేరు న్యూట్రల్ చేసి, ఇంజెక్టర్లు బిగించకుండానే సెల్ఫ్ కొట్టి, పోసిందంతా బయటికి చిమ్మించాలి. లోపల మిగిలితే ద్రవం నలగదు, రాడ్డే వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పిన రంధ్రాల ఎదుట ఎవరూ నిలబడకూడదు. సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) డీజిల్ దిగి ఉంటుంది కనుక ఆయిల్, ఫిల్టరు మార్చాకే స్టార్ట్ చేయండి. డీజిల్ ట్యాంకు అడుగున నీళ్లుంటాయి, అదీ కడిగించండి.