రోహిణి కార్తెలోనే కాలవ వెంట నడువు

చిరంజీవి అల్లుడికి,

రాజురా నుంచి మీ మామ ఆశీస్సులు. మహారాష్ట్రలోని వణి దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో నీకు నీళ్ల పని అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లాడికి మోటార్లు చూసుకునే పనా అని ఆమె బాధ. బొగ్గు రెండు రోజులు తగ్గితే మేనేజర్ ఒక్కడే అడుగుతాడు, నీళ్లు చెడితే మాత్రం ఊరు ఊరంతా గేటు దగ్గరికి వస్తుంది. అది నేను సర్వే సెక్షన్‌లో ఉన్నప్పుడు చూశాను.

నేను చెప్పేది ఒక్కటే: బాగున్న నీళ్లను చెడిన నీళ్లతో కలవనీయకు. క్వారీలోకి, అంటే బొగ్గు తవ్వే గుంతలోకి, నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. నేరుగా పడే వాన, ఇసుకరాయి పొరల్లోంచి ఊరే ఊట, పై పొలాల నుంచి పారి వచ్చేది. మొదటి రెండింటినీ ఆపలేవు. మూడోదాన్ని ఆపొచ్చు. అందుకే క్వారీ చుట్టూ గార్లండ్ డ్రెయిన్ తవ్వుతారు. పై నీళ్లు గుంతలో దిగకుండా చుట్టు తిరిగి నాలాలో కలవాలి. కాగితం మీద ఆ కాలవ ఎప్పుడూ బాగానే ఉంటుంది. రోహిణి కార్తెలో, ఎండ మండుతున్నప్పుడే, దాని వెంట మొత్తం నడిచి చూడు. జీపులో కాదు, కాళ్లతో. ఎక్కడ డంపర్ తొక్కి గట్టు కూల్చిందో, ఎక్కడ తుమ్మ చెట్లు పెరిగి మట్టి పట్టిందో అప్పుడే తెలుస్తుంది. మృగశిర వచ్చాక పొక్లెయిన్ అడిగితే దొరకదు. అది బురదలో దిగబడి ఉంటుంది.

ఒక ఏడాది మేము ఆ పని చేయలేదు. టార్గెట్ టెన్షన్‌లో అందరం వాయిదా వేశాం. మొదటి పెద్ద వానకే ఓబీ డంపు, అంటే బొగ్గు పైనుంచి తీసిన మట్టీ రాయీ పోసిన గుట్ట, కింద గోడ లేనిచోట మట్టి జారి నాలాలో పడింది. అక్కడి నుంచి ఒక రైతు పత్తి చేనులోకి పోయింది. అప్పుడే మొలిచిన పత్తి మీద జానెడు బూడిదరంగు బురద. ఆయన ఏమీ తిట్టలేదు, ఒక పిడికెడు బురద తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

డంపు విషయంలో పాదం దగ్గర రాతి గోడ, దాని పక్కన కాలవ, ఏటవాలు మీద గడ్డి, వెదురు. ఇది నీకు తెలిసిందే. నల్లరేగడి మట్టి మాత్రం వేరుగా పోయించు, రాయితో కలిపితే రేపు దాని మీద ఏదీ మొలవదు.

గని అడుగున నీళ్లు చేరే సంప్ నుంచి తోడిన నీళ్లు, మట్టి అడుక్కి దిగడానికి కట్టిన సెట్లింగ్ ట్యాంకులోకి పోతాయి. ఇక్కడ అందరూ మోసపోతారు. సన్నటి బంకమట్టి తొందరగా దిగదు, ట్యాంకులో సగం బురదే ఉంటే అసలే దిగదు. రెండు గదులుండాలి, ఒకటి శుభ్రం చేస్తుంటే ఇంకోటి పనిచేయాలి. బయటికి వదిలే నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి, నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటొద్దు. నైట్రేట్ కూడా చూడు, పేలుడు మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది కదా. వర్క్‌షాపులో బండ్లు కడిగిన నీళ్లు మాత్రం నూనె పట్టే తొట్టి దాటకుండా సంప్‌లోకి రానివ్వకు. నువ్వు వదిలిన నీళ్లు వర్ధా నదిలో కలిసి, వైన్‌గంగతో కూడి ప్రాణహిత అయ్యి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో దిగుతాయి. మన చుట్టాలే అక్కడ పుష్కర స్నానాలు చేస్తారు.

ఇక బావులు. ఇక్కడి వాళ్లు విహీర్ అంటారు. గని లోతు పెరిగేకొద్దీ చుట్టుపక్కల నీటి మట్టం దిగుతుంది. ఎంత దిగిందనే దగ్గరే తగవు వస్తుంది. మా దగ్గర పాత కొలతలు లేవు కాబట్టి మేము చెప్పింది ఎవరూ నమ్మలేదు, వాళ్లు చెప్పింది మేమూ కాదనలేకపోయాం. జనవరి, మే, ఆగస్టు, నవంబర్‌లలో ఊరి బావుల లోతు కొలువు. సర్పంచ్‌ను పక్కన నిలబెట్టుకుని కొలిచి, సంతకం తీసుకో. నీటి మట్టం కొలిచే పీజోమీటర్ గొట్టాలు ఉన్నాయి కదా అని వదిలేయకు, ఊరివాళ్లు నమ్మేది తమ బావినే. మరాఠీ నేర్చుకో, విరిగిందైనా సరే.

గని మూసేటప్పుడు చూద్దాంలే అని, మిగిలే గుంతను చెరువుగా మార్చే పని ఆపొద్దు. ఆ గుంతలో నీళ్లు వాటంతటవే నిండుతాయి, గోడలు నిట్టనిలువుగా ఉంటే మాత్రం బర్రె దిగినా బయటికి రాదు. మనిషి సంగతి చెప్పక్కర్లేదు. తవ్వే షవెల్ యంత్రం ఇంకా ఉండగానే ఒక వైపు ఏటవాలుగా కోయించు. పొలాలకు పైపు వేసి ఇచ్చే ముందు ఉప్పు, సల్ఫేటు పరీక్ష చేయించు. పవర్ ప్లాంటు బూడిదతో గుంత పూడ్చుదామని ఎవరైనా అంటే, కింద నీళ్లు ఎటు కదులుతున్నాయో కాగితం మీద చూపించమని అడుగు. చూపించేదాకా సంతకం పెట్టకు.

ఆదివారం బస్సెక్కి రా. మీ అత్త జొన్నరొట్టె చేస్తుంది. వచ్చేటప్పుడు మీ క్వారీ సర్వే షీటు తెచ్చుకో, కాలవ ఎక్కడ తిప్పాలో పెన్సిల్‌తో గీసిస్తా.

ఇట్లు,
మీ మామ