అడగండి, చెబుతాం: బాట్‌తో వాదించి గెలవలేం

ప్రశ్న: కర్నూలులో ఉంటామన్నా. ఆన్‌లైన్‌లో కూలర్ తెప్పించుకున్నాం, ఫ్యాన్ తిరుగుతుంది గానీ మోటారు నీళ్లు ఎత్తట్లేదు. యాప్‌లో చాట్ తెరిస్తే నమస్తే చెప్పి నాలుగు బటన్లు చూపిస్తుంది, వాటిల్లో నా సమస్య లేదు. మనిషితో మాట్లాడాలి అని కొడితే మళ్లీ అవే నాలుగు. చివరికి 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ పెట్టి చాట్ మూసేసింది. మా ఆయనేమో పోనీలే, అంగట్లో ఇంకోటి కొందాం అంటున్నాడు.

జవాబు: వదిలేయద్దమ్మా, విసిగిపోయి వదిలేస్తే లాభం వాళ్లకే. ఎంతమంది కస్టమర్లు మనిషిదాకా రాకుండా బాట్ (చాట్‌లో మనిషి బదులు జవాబిచ్చే ప్రోగ్రాం) దగ్గరే ఆగిపోయారన్నది కంపెనీల్లో ఒక లెక్క, అది పెరిగేకొద్దీ ఖర్చు తగ్గినట్టు. ఫోన్ పక్కన పడేసినవాళ్లు కూడా అందులోనే కలిసిపోతారు. అలాగని బాట్‌ని పూర్తిగా తిట్టను, పార్శిల్ ఎక్కడిదాకా వచ్చింది, బిల్లు కాపీ కావాలి లాంటి వాటికి అర్ధరాత్రి కూడా పలుకుతుంది, కాల్ సెంటర్‌కి చేసి అరగంట పాట వినడం కంటే అది నయమే. కానీ కూలర్ మార్చాలా వద్దా అని తేల్చే అధికారం దానికి లేదు, ఉన్నవాళ్ల నంబరు మనకు ఇవ్వరు. మంట అక్కడే.

కాబట్టి వాదన ఆపి సాక్ష్యం పోగేయండి. ఆ నాలుగు బటన్లతో సహా చాట్ స్క్రీన్‌షాట్లు తీయండి, 'పరిష్కారమైంది' అన్న మెసేజ్ అస్సలు మరచిపోవద్దు. ట్యాంకు నిండా నీళ్లుండి, మోటారు వేసినా గడ్డి పొడిగానే ఉన్నట్టు కనబడేలా చిన్న వీడియో కూడా. తర్వాత యాప్‌లో అట్టడుగున వెతికితే ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ దొరుకుతాయి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అవి పెట్టి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మెయిల్‌లో కథంతా వద్దు. ఏం కొన్నారు, ఎప్పుడు, ఏం పాడైంది, కొత్తది కావాలా డబ్బు వాపసా, అంతే.

అయినా పలకకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అదీ కాకపోతే కర్నూలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉందని టెన్షన్ పడద్దు, 2019 చట్టం మీరుండే చోటే కేసు వేసుకోనిస్తుంది. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, వకీలు ఉండి తీరాలని లేదు. రెండేళ్లలోపు వేయాలి, అదొక్కటి గుర్తుంచుకోండి.

ప్రశ్న: టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు మొత్తం వస్తుందని ఓ ట్రావెల్ యాప్ చాట్‌లో చెబితే నమ్మి రద్దు చేశాను. ఇప్పుడేమో 'అది ఆటోమేటిక్ జవాబు, మా రూల్స్ వేరే' అంటున్నారు. స్క్రీన్‌షాట్ ఉంది, పనికొస్తుందా? (అనంతపురం)

జవాబు: భేషుగ్గా. ఇలాంటి తగాదాయే కెనడాలో నడిచింది. అవ్వ పోయిందని విమానం ఎక్కబోతున్న ఒకాయనకు, ముందు టికెట్ కొనుక్కో, రాయితీకి తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ చెప్పింది. తీరా అడిగితే కంపెనీ కుదరదంది, పైగా బాట్ మాటలకు బాట్‌దే బాధ్యత అన్నట్టు వాదించింది! బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదన కొట్టేసి, వెబ్‌సైట్‌లో ఉన్నదానికంతా కంపెనీయే జవాబుదారీ అని చెప్పి డబ్బు కట్టించింది. ఆ తీర్పుకి మన కమిషన్లు కట్టుబడాలని లేదు గానీ న్యాయం ఎక్కడైనా ఒకటే. అంగట్లో గుమాస్తా ధర చెప్పాక యజమాని వచ్చి 'వాడెవడో నాకు తెలీదు' అంటే ఊరుకుంటామా? మీరూ ఆ స్క్రీన్‌షాట్ జతచేసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, తర్వాత దారి పైన చెప్పిందే.

ప్రశ్న: మా నాయన చాట్‌తో విసిగిపోయి గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతలాయన తెలుగులో చాలా మర్యాదగా మాట్లాడి ఏదో యాప్ వేయించాడు. అకౌంట్‌లో డబ్బు పోయింది. (కడప)

జవాబు: ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండప్పా, వెంటనే బ్యాంకుకి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ, ఇప్పటికే ఆలస్యమైనా సరే చెప్పండి. వేయించింది స్క్రీన్ షేరింగ్ యాప్ అయ్యుంటుంది, ఓటీపీ నోటితో చెప్పకపోయినా వాడికి కనబడిపోతుంది. ఫోన్‌కి నెట్ ఆపి ఆ యాప్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు, పిన్‌లు మార్చేయండి.

మీ నాయనను మాత్రం ఇంట్లో ఎవరూ ఏమీ అనొద్దు. కంపెనీ తన నంబరు దాచిపెట్టుకుంటే ఆ ఖాళీలో దొంగ తన నంబరు పెట్టుకున్నాడు, పెద్దాయన వెతికినప్పుడు అదే ముందు కనబడింది. ఇకమీదట బ్యాంకు పనికైతే డెబిట్ కార్డు వెనకున్న నంబరుకే చేయమనండి, కరెంటు సంగతైతే 1912కి.