పిలిస్తే పలకండి: చిలకల ఉత్తరాలకు పర్లాకిమిడి డాక్టరమ్మ జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ మాటల గోలే. చిలక నోరు విప్పడం లేదని సగం మంది, నోరు మూయడం లేదని సగం మంది. చోటున్న మేరకు కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. జబ్బుల గురించి అడిగినవాళ్లకు విడిగా ఉత్తరం వేశాను. జబ్బు పడ్డ పక్షి పత్రిక వచ్చేదాకా ఆగదు కదా.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా ఇంట్లో ఆఫ్రికన్ గ్రే చిలక ఉంది. పంజరం కడిగేది నేను, తిండి పెట్టేది నేను, రాత్రి గుడ్డ కప్పేదీ నేనే. రోజూ దాని ముందు కూర్చుని గొంతు నొప్పి పుట్టేదాకా "అమ్మా అను, అమ్మా అను" అంటాను. ఒక్కసారీ అనలేదు. మా అత్తగారు దాని దగ్గరికే వెళ్లరు. అయినా అది మాట్లాడేదంతా ఆవిడ గొంతుతోనే. "కోడలా, పాలు పొంగిపోతన్నాయే!" అంటుంది. ఆవిడే అనుకుని వంటింట్లోకి పరిగెడతాను. తీరా చూస్తే పొయ్యి మీద పాలే ఉండవు. నా మాట ఒక్కటీ ఎందుకు రాదు?
— పేరు వద్దన్నారు, గుణుపురం

జవాబు: అమ్మా, తిండి పెట్టే చెయ్యి ఎవరిదో చిలకకు బాగా తెలుసు. మీ మీద నమ్మకమూ ఉండే ఉంటుంది. కానీ మాట రావడానికి అది చాలదు. ఆఫ్రికా అడవుల్లో ఈ గ్రే చిలకలు గుంపులుగా బతుకుతాయి. ఒకదాన్ని ఒకటి పిలుచుకోవడం, పిలిస్తే పలకడం వాటికి తిండితో సమానం. మన ఇంట్లో వాటి గుంపు మనమే. ఎవరు అరిస్తే ఎవరు కదిలారు, ఏ మాటకి ఏం జరిగింది అని పొద్దస్తమానం గమనిస్తూ ఉంటాయి. మీరు "అమ్మా అను" అంటే ఇంట్లో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. మీ అత్తగారు "పాలు పొంగిపోతన్నాయే" అని కేకేస్తే? మీ పరుగు, గిన్నెల చప్పుడు, ఆ తర్వాత మీ ఇద్దరి మధ్యా రెండు మాటలు. ఇంత హడావుడి తెప్పించే మాటని ఏ చిలకైనా వదులుకుంటుందా? పైగా అదే అన్నా మీరు పరిగెడుతున్నారాయె!

ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1977లో షికాగోలో ఒక దుకాణం నుంచి గ్రే చిలకను కొని అలెక్స్ అని పేరు పెట్టారు. దాని ఎదురుగా కూర్చుని "అను, అను" అని వెంటపడలేదు. అలెక్స్ చూస్తుండగా ఇద్దరు మనుషులు మాట్లాడుకునేవారు. ఒకరు ఒక వస్తువు చూపించి ఇదేమిటని అడుగుతారు. రెండోవాళ్లు సరిగ్గా చెబితే వస్తువు వాళ్ల చేతికి వస్తుంది. తప్పు చెబితే చీవాట్లు, వస్తువు మాయం. చూసి చూసి అలెక్స్‌కి రోషం వచ్చి తనూ పోటీకి దిగేది. 2007లో చనిపోయే నాటికి 50 దాకా వస్తువుల పేర్లు, 7 రంగులు, 5 ఆకారాలు చెప్పేది, 6 వరకు లెక్కపెట్టేది.

గుణుపురంలో మీ అత్తాకోడళ్లు తెలియకుండానే ఆ పద్ధతి నడిపిస్తున్నారు. కాకపోతే పాఠం మీరు ఎంచుకున్నది కాదు. కాబట్టి అత్తగారిని కూడా కలుపుకోండి. ఆవిడ జామముక్క పట్టుకుని "ఏటిది?" అని అడగాలి. మీరు "జామకాయ" అని, అందుకుని, చిలక కళ్లెదుటే తినాలి. తర్వాత మీరు అడగండి, ఆవిడ తింటారు. చిలక "జా" అన్నా సరే, ఆ క్షణంలో ముక్క దాని కాలికి అందాలి. మళ్లీ చేద్దాం అని దాస్తే మొదటికే మోసం. రోజుకి ఐదు పది నిమిషాలు చాలు. దానికి విసుగొస్తే మీరూ లేవండి. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టి వదిలేయడం మాత్రం దండగ. పెప్పర్‌బర్గ్ అదీ చేసి చూశారు. టేపులు, వీడియోలు పెట్టి వదిలేస్తే గ్రే చిలకలకు వస్తువుల పేర్లు పట్టుబడలేదు.

పాలు పొంగాయని అది అరిచినప్పుడు మాత్రం కదలకండి. (నిజంగా పొయ్యి మీద పాలుంటే ఆ బాధ మీది.)

ఇంకొకటి. మీ గ్రేని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించారా? విదేశీ జాతుల్లో కొన్నిటికి నమోదు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 ఫిబ్రవరిలో నియమాలు తెచ్చింది. గ్రే, రంగురంగుల పెద్ద చిలక మకావ్ అందులోకి వస్తాయి. బడ్జీలనే బుల్లి చిలకలకు, తలమీద కుచ్చు ఉండే చిన్న చిలక కాకటీల్‌కు ఆ బెడద లేదు.

ప్రశ్న: నేను ఉద్యోగం కోసం బరంపురంలో అద్దెకుంటున్నాను. తోడుగా ఉంటుందని కాకటీల్‌ని తెచ్చుకున్నాను. నేను గది దాటితే చాలు, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. పైవాటా వాళ్లు ఇంటాయనకి చెబుతారేమోనని టెన్షన్. అరిచినప్పుడల్లా గుడ్డ కప్పేస్తున్నాను.
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: బాబూ, గుడ్డ నిద్రకే గాని శిక్షకి కాదు. అది "ఎక్కడున్నావ్?" అని అడుగుతోంది. మీరు దీపం ఆర్పేస్తున్నారు.

గుంపులో ఏ పక్షి ఆకు చాటుకి వెళ్లినా మిగతావి ఒక కూత వేస్తాయి. అవతలి నుంచి జవాబు వస్తే నిశ్చింత. రాకపోతే గొంతు పెంచుతాయి. ఈ పిలుపులు ఎంత సొంతమైనవో చెప్పాలంటే, వెనెజులాలో ఒక చిన్న చిలక జాతి మీద 2011లో పరిశోధన వచ్చింది. గూట్లో ఉన్న పిల్లలు తమ పిలుపును పెంచే తల్లిదండ్రుల నుంచే నేర్చుకుంటాయని తేలింది. మనం పిల్లకి పేరు పెట్టి పిలిచినట్టే అనుకోండి.

కాబట్టి మీ ఇద్దరికీ ఒక గుర్తు పెట్టుకోండి. కాకటీల్ నోట మాటలు తక్కువ, ఈల ఎక్కువ, అందులోనూ మగవి. రెండు స్వరాల చిన్న ఈల చాలు. గది దాటేటప్పుడు, అది అరవకముందే, వేయండి. వంటింట్లోంచి ఇంకోసారి, స్నానాల గదిలోంచి ఇంకోసారి. అది మామూలుగా ఈల వేస్తే వెంటనే పలకండి. గావుకేక పెడితే పలకొద్దు, దగ్గరికీ వెళ్లొద్దు, తిట్టనూ వద్దు, ఎందుకంటే తిట్టు కూడా జవాబే. మొదట్లో అరుపు పెరుగుతుంది. పైవాటా వాళ్లకి ముందే చెప్పి, వీలైతే ఓ స్వీట్ డబ్బా ఇచ్చి రండి.

పంజరం మనిషి తిరిగే చోట, ఒక వైపు గోడకు ఆనించి పెట్టండి. రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. మీరు అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తే దానికీ జాగరణే.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా చిలక తికమక పడదా?
— ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: పడదు. ఈ మనిషి, ఈ వేళ, ఈ చప్పుడు అన్నదే దాని లెక్క. మా గ్రే గోపన్న గేటు కిర్రుమంటే "ఆసొ, ఆసొ" అంటాడు. మా ఆయన వచ్చినవాళ్లను ఒడియాలో అలా పిలుస్తారు మరి. పిల్లిని మాత్రం అచ్చ తెలుగులో తిడతాడు. ఎవరి గొంతుతోనో చెప్పను.

ప్రశ్న: మా బావగారు సంత నుంచి ఈకలు సరిగా రాని రామచిలుక పిల్లని తెచ్చి ఇస్తానంటున్నారు. పిల్లాడికి సరదా. మా తాతల కాలం నుంచీ పెంచినవాళ్లమే. తప్పేముంది?
— ఒక గృహిణి, రాయగడ

జవాబు: వద్దని చెప్పండమ్మా. ఇందులో నాకు మొహమాటం లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం నేరం. మెడకి గులాబీ పట్టీ ఉండే రామచిలుకైనా, భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలకైనా, మన కొండల్లో కనిపించే ఊదారంగు తల చిలకైనా అంతే. తాతల కాలంలో ఆ చట్టం లేదు.

చట్టం సంగతి అలా ఉంచండి. ఆ పిల్ల సంతకి ఎలా వచ్చిందో ఆలోచించండి. చెట్టు తొర్రలో చెయ్యి పెట్టి, కళ్లు సరిగా తెరవని పిల్లల్ని లాగి, బుట్టలో కుక్కి తెస్తారు. దారిలోనే చాలా చచ్చిపోతాయి. జాలిపడి మీరు ఒకటి కొంటే వచ్చే ఏడు ఇంకో తొర్ర ఖాళీ అవుతుంది. పిల్లాడికి సరదా అయితే బడ్జీల జత కొనివ్వండి. చిన్న పక్షి కదా అని తీసిపారేయొద్దు. పక్ అనే బడ్జీ 1,728 మాటలతో గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఇంట్లో ఏళ్ల తరబడి రామచిలుక ఉన్నవాళ్లు ఈ జవాబు చదివి భయపడి గాల్లోకి వదిలేయకండి. తిండి వెతుక్కోవడం రాని పక్షి కాకుల పాలవుతుంది. అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి.

ప్రశ్న: చిలక నాలుకకి వస రాస్తే మాటలొస్తాయంటారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వాగుడుకాయ పిల్లల్ని వసపిట్ట అంటాం గాని, పిట్టకి వసతో పని లేదు. పక్షులకి మనలా గొంతులో స్వరపేటిక తీగలు మోగవు. గాలిగొట్టం కింద, అది రెండుగా చీలే చోట, శబ్దం పుట్టే అవయవం ఉంటుంది. నాలుక ఆ శబ్దానికి కాస్త వంపు ఇస్తుందంతే. వస ఘాటైన మందుదినుసు, పిడికెడు ఒళ్లున్న ప్రాణి నోట్లో పెట్టకండి. నాలుక గీకడం అనే ఇంకో మూఢత్వం ఉంది. అది హింస.

ప్రశ్న: నేను రిటైర్డ్ మాస్టార్ని. మా గ్రేకి నాలుగేళ్లు. చేతిమీద కూర్చుని ముద్దు చేయించుకునేది. ఈ మధ్య ఉన్నట్టుండి కరుస్తోంది. రక్తం వచ్చింది.
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మాస్టారూ, అది ఉన్నట్టుండి కరవలేదు. ముందు చెప్పే ఉంటుంది, నోటితో కాదు. గోపన్న కన్నే చెబుతాను. పసుపు వలయం మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది. మామూలప్పుడు మిరియం గింజంత. ఒళ్లు రేగినప్పుడు అది ఒక్క క్షణంలో ఆవగింజంత అవుతుంది, మళ్లీ విచ్చుకుంటుంది, మళ్లీ ముడుచుకుంటుంది. దానితో పాటు మెడ ఈకలు లేచి, తోక విసనకర్రలా విచ్చుకుంటే అప్పుడు చెయ్యి పెట్టకూడదు. సంతోషం పట్టలేకపోయినా కన్ను అలాగే కొట్టుకుంటుంది కాబట్టి మెడ, తోక కూడా చూడాలి. ఆ సంతోషంలోనూ కరుస్తాడు వెధవ.

నాలుగేళ్లంటే దానికి ఈడొచ్చిన వయసు. వీపు మీద, రెక్కల కింద, తోక మొదట్లో నిమురుతున్నారా? దాని లెక్కలో అది జత కట్టే పిలుపు. పిలిచి ఊరుకుంటే దానికి ఒళ్లు మండుతుంది. తల, మెడ వరకే నిమరండి. తిన్నది మీ చేతిలో కక్కితే అసహ్యించుకోకండి, అది ప్రేమ. ప్రోత్సహించనూ వద్దు, మెల్లగా పంజరం మీద దించి వేరే పనిలోకి వెళ్లిపోండి.

కరిచినప్పుడు "అబ్బా!" అని అరవకుండా ఉండగలిగితే అరవకండి. అరిస్తే ఏమవుతుందో గుణుపురం జవాబు చదివితే తెలుస్తుంది. సాయంత్రం దీపం తగ్గించాక ముక్కు పైదీ కిందదీ రాసుకుంటూ గరగర చప్పుడు చేస్తే, దానికి ప్రాణం హాయిగా ఉందన్నమాట. దగ్గర కూర్చుని నెమ్మదిగా మాట్లాడటానికి అదే మంచి వేళ.

ప్రశ్న: డాక్టర్ అమ్మమ్మా, చిలక అర్థం తెలిసే మాట్లాడుతుందా? మా టీచర్ కాదన్నారు.
— ఏడో తరగతి పాప, పర్లాకిమిడి

జవాబు: కొన్ని తెలిసి, కొన్ని ఊరికే, తల్లీ. గోపన్న ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ రింగ్ కొట్టి, "హలో... ఆఁ... ఆఁ... సరే పెట్టేస్తా" అని తనే ముగిస్తాడు. అవతల ఎవరూ లేరు. అది ఆట. కానీ అలెక్స్ అరటిపండు అడిగినప్పుడు గింజ ఏదైనా ఇస్తే మళ్లీ అరటిపండే అడిగేది, లేదా ఇచ్చింది విసిరికొట్టేది. నువ్వూ చేసి చూడొచ్చు. నీ చిలక ఒకటి అడిగినప్పుడు ఇంకొకటి ఇచ్చి ఏం చేస్తుందో నోటుబుక్కులో రాసుకో. ఒక్కసారితో తేల్చేయకు. ఆ నోటుబుక్కు మీ టీచర్‌కి చూపించి, నాకూ రాయి.

ప్రశ్న: మాతో పాటే తింటానని పేచీ పెడుతుంది. ఏది పెట్టొచ్చు, ఏది కూడదు?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కలిసి తినడం మంచిదే, గుంపులో అంతా ఒకేసారి తింటాయి. నానబెట్టిన శనగలు, చోళ్లు, కొర్రలు, లేత మొక్కజొన్న, జామ, బొప్పాయి, మునగాకు. పచ్చిమిరపకాయ ఇచ్చినా పరవాలేదు, పక్షులకి ఆ కారం తెలియదు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, పాఠం బాగా చెప్పినప్పుడు బహుమతిగా రెండు గింజలు చాలు. ఉప్పు వేసినవి, పకోడీలు, టీ, కాఫీ, చాక్లెట్, ఉల్లిపాయ వద్దు. బటర్‌ఫ్రూట్ (అవకాడో) అసలే వద్దు, అది విషం. మీ నోట్లోది నోటితో పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం పెనం. నాన్‌స్టిక్ పెనం మాడేంత వేడెక్కితే వచ్చే పొగ మనకి వాసన కూడా తెలియకపోవచ్చు, చిలక మాత్రం నిమిషాల్లో చచ్చిపోతుంది. వంటింట్లో పంజరం పెట్టకండి. చిలక ఉన్న ఇంట్లో అట్లు ఇనప పెనం మీదే వేసుకోండి. రుచి కూడా బాగుంటుంది.