తమ్ముడి సంగతి దాచడానికి అక్క చదువు మార్చకండి

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి డిగ్రీ జువాలజీ మేజర్ మూడో సంవత్సరం. బాబుకు పన్నెండేళ్లు, వాడికి డౌన్ సిండ్రోమ్. మొన్న కాలేజీ సెమినార్‌లో అమ్మాయి జన్యు వ్యాధులు, క్రోమోజోమ్ లోపాల మీద జూనియర్లకు క్లాసు చెప్పింది. అప్పటి నుంచి పీజీ చేసి ఇదే పిల్లలకు చెబుతానంటోంది. మావారేమో జెనెటిక్ కౌన్సెలింగ్‌కు మంచి డిమాండ్ ఉందట, ఆన్‌లైన్‌లో ఆరు నెలల కోర్సు చేయిద్దాం అంటున్నారు. టీచింగ్, కౌన్సెలింగ్ రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. అసలు ఈ సబ్జెక్టే పట్టుకుంటే ఇంట్లో సంగతి నలుగురికీ తెలిసి సంబంధాలు రావేమోనని నా భయం. ఎవరైనా వస్తే బాబును లోపల గదిలోనే ఉంచుతున్నాం. బయటి సంబంధాల గొడవ లేకుండా మా అన్నయ్య కొడుక్కే అమ్మాయిని ఇచ్చేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాం.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే. కానీ మీ టెన్షనంతా చివర రాసిన మాటల్లో ఉంది. గుంటూరు, విజయవాడ తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు రకరకాలుగా వస్తూనే ఉంటుంది. ఒకరింట్లో తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న బిడ్డ, ఇంకొకరింట్లో పుట్టుకతో వినపడని బిడ్డ. అడిగేది కాలేజీ గురించి, మనసులో ఉన్నది మాత్రం ‘మా వంశంలోనే ఏదో ఉందా’ అన్న దిగులు. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత కోర్సుల దగ్గరికి వస్తాను.

బాబు పుట్టినప్పుడు క్యారియోటైప్ అని క్రోమోజోములు చూసే ఒక రక్తపరీక్ష చేయించే ఉంటారు. బీరువాలో ఆ రిపోర్టు వెతకండి. అందులో ‘47, ఎక్స్‌వై, +21’ అని ఉంటే 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉందని అర్థం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నూటికి సుమారు 95 మందిది ఇదే రకం. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు ఒక జత విడిపోవాల్సిన చోట విడిపోకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. మీరు తిన్నదాని వల్లో, గ్రహణం నాడు బయట తిరిగినందువల్లో, ఎవరి పాపం వల్లో వచ్చింది కాదు. మీ అత్తగారి తరఫు నుంచి వచ్చిందా, పుట్టింటి తరఫు నుంచి వచ్చిందా అన్న వాదన ఈ రకం విషయంలో అర్థం లేనిది. తమ్ముడికి ఇది ఉన్నందువల్ల మీ అమ్మాయికి ప్రత్యేకంగా పెరిగే ప్రమాదమేమీ లేదు. రేపు ఆమె పిల్లల విషయంలోనూ అదే వయసున్న ఏ ఆడపిల్లకైనా ఉన్నంత అవకాశమే ఆమెకూ ఉంటుంది.

రిపోర్టులో 46 అని ఉండి, పక్కన ‘రాబ్’ అనో ‘డెర్’ అనో అక్షరాలు కనిపిస్తే అది వేరే సంగతి. 21వ క్రోమోజోమ్ ముక్క ఇంకో దానికి అతుక్కున్న రకమది, ట్రాన్స్‌లొకేషన్ అంటారు. నూటికి ముగ్గురు నలుగురిలో చూస్తాం. అప్పుడు మాత్రం మీరు, మీవారు క్యారియోటైప్ చేయించుకోవాలి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆ అతుకు ఉంటే అమ్మాయికి కూడా చేయించాలి. అక్కడా సమాధానం దొరుకుతుంది, దారీ దొరుకుతుంది. రిపోర్టు అర్థం కాకపోతే మెడికల్ జెనెటిక్స్ డాక్టరుకు చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

ఇక మేనరికం మాట. దీనికి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. డౌన్ సిండ్రోమ్‌కూ మేనరికానికీ సంబంధం లేదు. తలసీమియా లాంటి వ్యాధులకు మాత్రం ఉంది. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి, లోపలి దోషాన్ని మోసే క్యారియర్లయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు జబ్బు వస్తుంది. మేనమామ కొడుకూ మేనత్త కూతురూ ఒకే తాతా బామ్మల మనవలు కాబట్టి ఒకే దోషం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. మామూలు దంపతులకు పుట్టుక లోపాల అవకాశం నూటికి రెండు మూడు అనుకుంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే లేని ప్రమాదానికి భయపడి, ఉన్న ప్రమాదంలోకి పిల్లను మీ చేతులతో తోస్తానంటున్నారు. అదీ జన్యుశాస్త్రం చదువుతున్న పిల్లను! ఆమె మీకు ఈ మాట చెప్పే ఉంటుంది. మీరు వినలేదు.

బాబును లోపలి గదిలో ఉంచడం గురించి కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. అక్క సంబంధం కోసం తమ్ముణ్ణి దాస్తే వాడికి అర్థం కాదనుకుంటున్నారేమో. పన్నెండేళ్ల పిల్లాడికి చుట్టాలొచ్చినప్పుడల్లా తలుపెందుకు వేస్తున్నారో బాగానే తెలుస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకున్నారా? నలుగురి ముందు క్యూలో నిలబడాలని వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు. నలభై శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యమని తేలితే రాష్ట్రం ఇచ్చే పింఛనుకు అర్హత వస్తుంది, 2024లో దాన్ని నెలకు 6,000 చేశారు. మీ మండలంలో ఇలాంటి పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. దాచిపెట్టి పోగొట్టుకుంటున్నది డబ్బు ఒక్కటే కాదు, వాడు నేర్చుకోగలిగిన వయసు కూడా.

ఇప్పుడు మీవారు చెప్పిన కోర్సు. జెనెటిక్ కౌన్సెలింగ్ మంచి వృత్తి, అవసరమైన వృత్తి, అందులో సందేహం లేదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి నిర్మూలనకు కేంద్రం 2023 జూలైలో మొదలుపెట్టిన మిషన్‌లోనూ కౌన్సెలింగ్‌కు చోటుంది. నా అనుమానమంతా ఆ ఆరు నెలల సర్టిఫికెట్ మీదే. జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చిన భార్యాభర్తల ఎదుట కూర్చుని, ఏడుస్తుంటే ఆగి, వాళ్లు ఏ నిర్ణయం తీసుకోవాలో తాను చెప్పకుండా, తీసుకోవడానికి కావలసినదంతా చెప్పగలగాలి. ఆసుపత్రిలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని అది. వీడియోలు చూసి రాదు. మణిపాల్ లాంటి చోట్ల దీనికి పూర్తి ఎంఎస్సీ ఉంది. చేస్తే అలాంటిది చేయాలి. గర్భస్థ శిశువు పరీక్షల విషయంలో కౌన్సెలింగ్ ఇచ్చే కేంద్రమైతే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరవ్వాలి. సర్టిఫికెట్ ఉంది కదా అని సొంతంగా బోర్డు కట్టుకోవడానికి లేదు.

ఉద్యోగాల సంగతి కూడా విచారించుకోండి. గుంటూరు, విజయవాడల్లో ఫీటల్ మెడిసిన్ (గర్భస్థ శిశువు వైద్యం), సంతాన సాఫల్య కేంద్రాల్లో ఒకటీ అరా దొరకొచ్చు. ఎక్కువ అవకాశాలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోనే. కొన్ని ల్యాబుల్లో కౌన్సెలర్ అన్న పేరుతో తీసుకుని టెస్టుల ప్యాకేజీలు అమ్మిస్తారు. ఇంటర్వ్యూలో ‘నెలకు టార్గెట్ ఉంటుందా?’ అని సూటిగా అడిగితే అసలు సంగతి తెలిసిపోతుంది. ‘లక్షల జీతం’ అని ఫోన్ చేసి వాయిదాల్లో ఫీజు కట్టమనే సంస్థకు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి.

టీచింగ్ విషయానికొస్తే, మీ అమ్మాయి ఎంచుకున్న పాఠానికి మన దగ్గర సరైన టీచర్లు నిజంగా కావాలి. మన కార్పొరేట్ కాలేజీల్లో ఈ యూనిట్ గతేమిటో మీకు తెలియదు. క్రోమోజోములు 45 అంటే టర్నర్ సిండ్రోమ్, 47 అంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, బిట్ అయిపోయింది, తర్వాతి పేజీ. అదే పాఠం బాగా చెప్పే ఒక లెక్చరర్ ఏం చేస్తారంటే, క్రోమోజోముల ఫొటో జిరాక్స్ తీసి ప్రతి బెంచీకి ఒకటిస్తారు. పిల్లలు కత్తెరతో ఒక్కోటీ కత్తిరించి, పొడవు, నడుము, చారలు చూసి జతలుగా అతికిస్తారు. చివర్లో చిన్న ముక్క ఒకటి మిగులుతుంది. ‘మేడం, ఎక్కువొచ్చింది’ అని ఒకరు చెయ్యెత్తుతారు. డౌన్ సిండ్రోమ్ పాఠం అక్కడ మొదలవుతుంది. 1956 దాకా మనిషికి 48 క్రోమోజోములని ప్రపంచమంతా పాఠం చెప్పిందనీ, ఆ ఏడాది జియో, లెవాన్ అనే ఇద్దరు 46 అని తేల్చాకే, 1959లో జెరోమ్ లెజూన్ బృందం ఈ అదనపు ముక్కను పట్టుకోగలిగిందనీ అప్పుడు చెబితే పిల్లలు ఇక మరిచిపోరు.

మీ అమ్మాయికి ఇంకో జాగ్రత్త చెప్పండి. ‘మీ ఇంట్లో మేనరికం ఎవరిదో చేతులెత్తండి’ అనే లెక్చరర్లు ఉన్నారు. సొంత కుటుంబం వంశవృక్షం గీసుకు రమ్మని జబ్బులు రాయించేవాళ్లూ ఉన్నారు. తల దించుకున్న పిల్లకు ఆ రోజు ఏ పాఠమూ ఎక్కదు. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) చెప్పాలంటే విక్టోరియా రాణి వంశం ఉంది, ఆమె కొడుకు లియోపోల్డ్, మునిమనవడైన రష్యా యువరాజు అలెక్సీ దాకా గీయించవచ్చు. తమ్ముడి గురించి క్లాసులో చెప్పాలా వద్దా అన్నది కూడా వాణ్ణి అడిగాకే. వాడికి ఇష్టం లేకపోతే చెప్పకూడదు. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉండి పెరిగిన అమ్మాయి ఈ పాఠం చెబితే, క్లాసులో మాట తూలే పిల్లలు కూడా సర్దుకుంటారు. ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

పీజీ ఎక్కడన్నది త్వరగా తేల్చేద్దాం. ఇక్కడే నాగార్జున యూనివర్సిటీలో జువాలజీ ఉంది, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ ఉంది. రెండోది మనసుకు నచ్చుతుంది కానీ, ప్రభుత్వ జూనియర్ కాలేజీ జువాలజీ పోస్టుకు అడిగేది జువాలజీ పీజీ. పాత నోటిఫికేషన్ తీసి అర్హతలు చదివాకే ఆప్షన్ పెట్టమనండి. డిగ్రీ కాలేజీ లెక్చరర్ అర్హత కోసం లైఫ్ సైన్సెస్ నెట్ రాయాలనుకుంటే ఏది చదివినా ఫర్వాలేదు. స్కూలు వైపు వెళ్లాలంటే బీఎడ్, టెట్ తప్పవు. 2025 డీఎస్సీలో అన్ని కేటగిరీలూ కలిపి 16,347 పోస్టులిచ్చారు, అలాంటిది ఏటా రాదు. కాబట్టి నెట్‌తో పాటు బీఎడ్ కూడా చేసి పెట్టుకుంటే మంచిది. కౌన్సెలింగ్ మీద ఇష్టం నిలిస్తే పీజీ తర్వాత కూడా ఆసుపత్రిలో శిక్షణ ఉన్న కోర్సు చూసుకోవచ్చు.

మీ అన్నయ్యగారికి పెళ్లి మాట ఇప్పటికే చెప్పి ఉంటే, అమ్మాయి పీజీ పూర్తయ్యేదాకా ఆ ఆలోచన లేదని ఈ వారమే ఫోన్ చేసి చెప్పేయండి. బీరువాలో ఆ రిపోర్టు దొరికితే ముందు మీ అమ్మాయి చేతికివ్వండి, మీకంటే బాగా ఆమే చదవగలదు.